నిద్రలో పళ్లు కొరికేస్తున్నానట. ఈ టెన్షన్‌ని ఎక్కడ దింపుకోవాలి?

సందెగాలి · సోమవారం, రాత్రి 11:48

ఇక్కడ రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

పోయిన వారం కింది దవడ నొప్పిగా ఉందని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. పిప్పిపన్నేమో అనుకున్నా. ఆవిడ చిన్న అద్దం నా చేతికిచ్చి, "ఈ కోరపళ్లు చూడండి, మొన లేదు. అరిగి చదునైపోయాయి. నిద్రలో పళ్లు కొరుకుతున్నారు" అన్నారు. కాసేపాగి, "ఈమధ్య టెన్షన్లేమైనా ఉన్నాయా?" అని అడిగారు. "అబ్బే, అలాంటివేం లేవండీ" అనేసి బయటికొచ్చి కార్లో కూర్చుని ఏడ్చాను. ఎందుకేడ్చానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నాకు 41. అకౌంట్స్‌లో పని. మా సెక్షన్లో ఇద్దరు మానేశారు, వాళ్ల ఫైళ్లు నా బల్ల మీదికి చేరాయి. ఇంట్లో నాన్నకి ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చింది, కుడి వైపు పడిపోయింది. పగలు ఒకామె చూసుకుంటుంది, సాయంత్రం నుంచి నేనే. ఇంటి ముందు కారాపి 20 నిమిషాలు ఫోన్ చూస్తూ కూర్చుంటున్నాను. లోపలికి వెళ్లబుద్ధి కాదు. వెళ్లాక, పెన్సిల్ కిందపడ్డ చప్పుడుకి కూడా మా వాడిని కసురుతున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, ఆ దుత్తకి తొమ్మిదేళ్లు.

ధ్యానం ప్రయత్నించాను. కళ్లు మూసుకోగానే మర్నాడు తేల్చాల్సిన లెక్కలన్నీ వరస కట్టి వచ్చేస్తాయి, గుండె దడ ఇంకా పెరుగుతుంది. నాలుగు రోజులు చేసి మానేశాను.

మీరు నిజంగా చేసి చూసినవి చెప్పండి. "పాజిటివ్‌గా ఆలోచించండి" అని మాత్రం ఎవరూ రాయకండి, దండం పెడతాను.


రాయిగుండు · మంగళవారం, ఉదయం 6:10

మేడమ్, పరుగు. నాకు బీపీ వచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున్నే 5 కిలోమీటర్లు. మిగతావన్నీ కబుర్లు.


సందెగాలి · మంగళవారం, ఉదయం 7:02

నాన్నని ఆరింటికి లేపి శుభ్రం చేసి పక్క మార్చాలి. 5 కిలోమీటర్లు పరిగెత్తాలంటే ఎన్నింటికి లేవాలో మీరే లెక్కేయండి.


రాయిగుండు · మంగళవారం, ఉదయం 7:15

తప్పు నాదే. సరిగ్గా చదవకుండా రాసేశాను. ఇంకోలా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చాలంటుంది. ఇదివరకు ఒక్కో విడత కనీసం 10 నిమిషాలైనా ఉండాలని షరతు ఉండేది, 2020లో అదీ తీసేశారు. అంటే లిఫ్ట్ వదిలేసి మెట్లెక్కినా, ఫోన్ మాట్లాడుతూ నడిచినా లెక్కలోకే వస్తుంది. కారు ఇంటికి రెండు వీధుల ముందే ఆపి నడిచి చూడండి. అంతకన్నా అడగను.


పాఠాలపంతులు · మంగళవారం, మధ్యాహ్నం 1:40

కాలేజీలో శరీరధర్మ శాస్త్రం చెబుతాను, కాబట్టి నాకు తెలిసిన కోణంలోంచి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1915లో వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ప్రమాదం ఎదురైనప్పుడు జంతువు ఒంట్లో ఏం జరుగుతుందో రాశాడు. గుండె వేగం పెరుగుతుంది, రక్తం కండరాల వైపు మళ్లుతుంది, అరుగుదల లాంటి పనులు వాయిదా పడతాయి. కలబడటానికో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమవుతుందన్నమాట. 1936లో హాన్స్ సెల్యే అనే పరిశోధకుడు 'నేచర్' అనే సైన్స్ పత్రికలో ఒక చిన్న ఉత్తరం అచ్చు వేయించాడు. ఎలుకల్ని చలిలో పెట్టినా, గాయపరిచినా, మందు ఎక్కించినా వాటి శరీరాలు ఒకేలా దెబ్బతింటున్నాయని అందులోని విషయం. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతున్నాయి, కడుపులో పుండ్లు పడుతున్నాయి. ముందు ఉలికిపాటు, తర్వాత తట్టుకోవడం, అదీ ఎక్కువకాలం సాగితే చతికిలపడటం. అలా మూడు దశలు చెప్పాడు. మనం ఇప్పుడు పొద్దస్తమానం వాడే 'స్ట్రెస్' అనే మాటకి ఈ అర్థం ఆయన పుణ్యమే.

మీ విషయానికొస్తాను. ఒత్తిడికి ఒంట్లో ఊరే హార్మోన్లలో అడ్రినలిన్ నిమిషాల్లో దిగిపోతుంది. కార్టిసాల్ నెమ్మది. ఒత్తిడి మొదలైన 20, 30 నిమిషాలకి రక్తంలో గరిష్ఠానికి చేరి, సర్దుకోవడానికి సుమారుగా ఇంకో గంట తీసుకుంటుంది. పులి తరిమిన లేడి అయితే పరిగెత్తి బతికిపోతుంది, లేకపోతే చచ్చిపోతుంది. ఎటైనా కథ ముగుస్తుంది. మీకు ముగియట్లేదు. ఆఫీసు మెయిల్ చూశారు, ఒళ్లు పరుగుకి సిద్ధమైంది, మీరు కుర్చీలోనే ఉన్నారు. ఇంటికొచ్చారు, నాన్నగారు పిలిచారు, మళ్లీ సిద్ధమైంది. దవడ మాత్రం రాత్రంతా డ్యూటీలోనే ఉంది.

అందుకే ఇందులో రెండు వేరువేరు పనులున్నాయి అంటాను. ఒంట్లో ఎక్కిన వేడిని దించడం ఒకటి, వేడి పుట్టిస్తున్న మంట సంగతి చూడటం ఇంకొకటి. చాలామంది ఒకటి చేసి రెండోది కూడా అయిపోయిందనుకుంటారు.

కార్లో ఆ 20 నిమిషాలు నాకైతే బద్ధకంలా కనిపించలేదు. ఒళ్లు తనకి కావాల్సిన విరామం తనే తీసుకుంటోంది. చేతిలో ఫోన్ ఉండటమే చిక్కు.


నైట్‌డ్యూటీ · మంగళవారం, సాయంత్రం 5:25

అక్కా, నేను నర్సుని, ఐసీయూలో. పంతులుగారు చెప్పిన మొదటి పనికి నేను చేసేది చెబుతాను.

ముక్కుతో నిండుగా గాలి పీల్చాలి. ఇక చాలు అనిపించాక దాని మీదే ఇంకొంచెం, చిన్న గుక్క, మళ్లీ ముక్కుతోనే. తర్వాత నోటితో మెల్లగా, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వదలాలి. పీల్చినదానికన్నా వదిలేది పొడుగ్గా ఉండాలి. బాగా ఏడ్చాక పిల్లలకి వెక్కిళ్లతో పాటు ఒక పెద్ద నిట్టూర్పు వస్తుంది చూడండి, అదే ఇది. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు దీన్ని రోజుకి 5 నిమిషాల చొప్పున నెల రోజులు చేయించి, ధ్యానంతోనూ ఇంకో రెండు రకాల శ్వాస పద్ధతులతోనూ పోల్చి చూశారు. అన్నీ ఎంతో కొంత పనిచేశాయి, మనసు తేలికపడటంలో మాత్రం ఇదే ముందుంది. కళ్లు మూసుకోనక్కర్లేదు. నేను మందుల ట్రాలీ తోసుకుంటూ చేస్తాను, ఎవరికీ తెలీదు.

ఇంకోటి. ఒక పేషంట్ దగ్గర్నుంచి ఇంకో పేషంట్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఎలాగూ చేతులు కడుక్కోవాలి. ఆ నీళ్లు పడుతున్నంతసేపూ నీళ్లనే చూస్తాను. వేడా చల్లనా, వేళ్ల సందుల్లో నురగ పోయిందా. అంతే. ఇందాకటి మంచం మీద ఏం జరిగిందో అది ఆ సింకు దగ్గర ఆగిపోవాలి. ప్రతిసారీ ఆగదు. పోయినవాళ్లు కొందరు ఇంటిదాకా వస్తారు. కానీ పదిసార్లలో ఆరుసార్లు ఆగినా నాకు ఆ రాత్రి గడిచిపోతుంది.


నిజంచేదు · మంగళవారం, రాత్రి 9:03

అందరూ మంచి మాటలే చెబుతున్నారు కానీ ఒక్కటడుగుతాను. ముగ్గురి పని ఒకరి నెత్తిన పెట్టి, ఆ మనిషికి ఊపిరి పీల్చడం నేర్పిస్తే ఏమవుతుంది? ఇంకాస్త బరువు మోసే గాడిద తయారవుతుంది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల వర్గీకరణలో బర్న్‌అవుట్‌ని ఎలా రాసిందో చూడండి. అది జబ్బు కాదంది. పనిచేసే చోట దీర్ఘకాలంగా సర్దుబాటు కాని ఒత్తిడి ఫలితం అంది. మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో శక్తి అడుగంటిపోవడం, పని మీద విరక్తి, ఏం చేసినా సరిగ్గా చెయ్యలేకపోతున్నానన్న భావన. 'పనిచేసే చోట' అన్న మాట గమనించారా? మనిషిలోని లోపమని కాదు.

నేను చేసింది చెబుతాను. నా దగ్గరున్న పనులన్నీ కాగితం మీద రాశాను. 11 తేలాయి. ఒక్కోదానికి వారానికి ఎన్ని గంటలు పడుతుందో పక్కన వేశాను. కూడితే 63 వచ్చింది. అది పట్టుకుని మేనేజర్ దగ్గరికెళ్లి "నాకు కష్టంగా ఉంది" అనలేదు. అలా అంటే "అందరికీ కష్టంగానే ఉంది" అంటారు, సంభాషణ అక్కడితో సరి. "ఈ నెల వీటిలో ఏది ఆలస్యమైనా ఫర్వాలేదో మీరే టిక్ పెట్టండి" అన్నాను. ఆయన చాలాసేపు ఆ కాగితం తిప్పి తిప్పి చూశాడు. ఆ 11లో రెండు పనులు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని రిపోర్టులని అప్పుడు బయటపడింది! ఏడాదిన్నరగా పంపుతున్నాను, తెరిచినవాళ్లే లేరు.


వాగుడుకాయ · మంగళవారం, రాత్రి 10:30

సందెగాలి గారూ, మీకు కావాల్సింది మనసులోది కక్కేసే చోటు. నేను రోజూ రాత్రి నా ఫ్రెండ్‌కి ఫోన్ చేసి గంటసేపు మా ఆఫీసువాళ్లని ఉతికి ఆరేస్తాను. ఆ తర్వాత హాయి. లోపల దాచుకుంటేనే రోగాలు.


కొండమీదకోతి · మంగళవారం, రాత్రి 10:44

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందండీ. ఎవరికి పడితే వాళ్లకి చెప్పుకుంటే మర్నాడు ఆఫీసంతా తెలుస్తుంది.


మాటసాయం · బుధవారం, ఉదయం 11:20

క్లినికల్ సైకాలజిస్టుని. ఇక్కడ రాసేది సాధారణ సమాచారమే, ఎవరికీ చికిత్స కాదు.

వాగుడుకాయ గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. 'కక్కేస్తే పోతుంది' అన్నది మనందరికీ నచ్చే ఊహ. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వవేత్త దాన్ని పరీక్షించాడు. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని గుద్దమన్నాడు కొందరిని. ఇంకొందరిని ఊరికే కూర్చోబెట్టాడు. గుద్దినవాళ్ల కోపం తగ్గలేదు సరికదా, అందరికన్నా వాళ్లకే ఎక్కువ మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లే నయం. అదే ఏడాది అమాండా రోజ్ స్కూలు పిల్లల స్నేహాల మీద ఒక అధ్యయనం వెలువరించింది. ఉన్న కష్టాన్నే ఇద్దరూ కలిసి పదేపదే తవ్వుకునే అలవాటున్న చోట స్నేహం గట్టిగానే ఉంది, దాంతోపాటు దిగులూ ఎక్కువగానే ఉంది.

అలాగని దాచుకోవడమూ పరిష్కారం కాదు. 1987లో డేనియల్ వెగ్నర్ "తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి" అంటే గంటలు మోగుతూనే ఉన్నాయి. వద్దనుకున్నదే తలలో తిరుగుతుంది.

మరి తేడా ఎక్కడుంది? నేను గమనించేది ఒకటే. చెప్పుకున్నాక కథ కాస్తయినా కదిలిందా? మొదటిసారి చెప్పినప్పుడు "వాడు నన్ను అవమానించాడు" అన్న మనిషి మూడోసారికి "అందరి ముందూ అన్నాడు కాబట్టే అంత బాధేసింది, గదిలో అని ఉంటే పట్టించుకునేదాన్ని కాదు" అన్నారనుకోండి, కదిలినట్టు. మూడోసారీ మొదటి వాక్యమే, కాకపోతే ఇంకొంచెం గట్టిగా వచ్చిందంటే తిరగలి తిరుగుతోంది కానీ పిండి రాలట్లేదన్నమాట.


వాగుడుకాయ · బుధవారం, మధ్యాహ్నం 12:05

ఇది చదివి గతుక్కుమన్నాను. రెండేళ్లుగా చెబుతున్నది ఒకే మేనేజర్ కథ. నా ఫ్రెండ్‌కి అతని డైలాగులన్నీ కంఠతా వచ్చేశాయి. నిన్న రాత్రి నేను మొదలుపెట్టేలోపే తను అందుకుని పూర్తి చేసింది.


మాటసాయం · బుధవారం, మధ్యాహ్నం 12:31

నవ్వొచ్చింది, క్షమించండి. ఆ స్నేహాన్ని మాత్రం వదులుకోకండి. అంత ఓపిగ్గా వినేవాళ్లు దొరకరు. ఈసారి ఫోన్ చేసినప్పుడు మొదటి పావుగంట ఆఫీసుకి, మిగతాది ఆవిడ సంగతులకి అని చెప్పి చూడండి. ఇంకో మాట, వినేవాళ్లెవరికైనా పనికొచ్చేది: "ఊరికే వినమంటారా, సలహా చెప్పమంటారా?" అని ముందే అడగడం. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

సందెగాలి గారి ధ్యానం గురించి. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉండబోతే ఆందోళన ఎక్కువవడం మీ ఒక్కరికే కాదు. దాని మీద 1980ల నుంచే పరిశోధనలున్నాయి. అలాంటివాళ్లకి మనసుకన్నా కండరాలతో మొదలుపెట్టడం తేలిక. ఎడ్మండ్ జేకబ్సన్ గత శతాబ్దం మొదట్లో తయారుచేసిన పద్ధతి ఒకటుంది. ఒక్కో కండరాన్నీ కావాలని బిగించి, కొన్ని సెకన్లు అలాగే పట్టి, ఒక్కసారిగా వదిలేయడం. వదిలేశాక వచ్చే తేడాని గమనించాలి. బిగుసుకుని ఉన్నామన్న సంగతే చాలామందికి తెలీదు, అసలు ఉద్దేశం అది తెలియజెప్పడమే. పిడికిలితో మొదలుపెట్టండి, భుజాలు చెవులదాకా ఎత్తి వదలండి. దవడని మాత్రం బిగించకండి, మీకు ఇప్పటికే నొప్పి ఉంది.

దవడకి వేరే ఉంది. ఇప్పుడే, ఇది చదువుతూనే చూసుకోండి. పైపళ్లూ కిందిపళ్లూ తగులుతున్నాయా? నమలనప్పుడు, మింగనప్పుడు అవి తగలకూడదు. పెదాలు కలిసి ఉండాలి, పళ్ల మధ్య సందుండాలి, నాలుక కొన పైపళ్ల వెనకాల చిగురు మీద ఆనీ ఆననట్టు ఉండాలి. కంప్యూటర్ అంచుకి చిన్న రంగు స్టిక్కర్ అంటించుకోండి, అది కంటపడినప్పుడల్లా దవడ చూసుకోండి.


పాఠాలపంతులు · బుధవారం, మధ్యాహ్నం 1:15

నిజంగానే తగులుతున్నాయి. నాకు!


సందెగాలి · బుధవారం, రాత్రి 11:10

అందరికీ ఒకేసారి జవాబు. ముందు నైట్‌డ్యూటీ చెల్లికి. ఆ రెండు గుక్కల ఊపిరి కార్లో చేశాను. నాలుగోసారికి ఆవలింతలొచ్చాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. అది మంచిదో కాదో తెలీదు కానీ ఫోన్ బ్యాగులోంచి తియ్యలేదు.

నిజంచేదు గారూ, మీ మాట గుచ్చుకుంది, ఎందుకంటే నిజం. నా బాధల్లో ఆఫీసు ఒకటి, అక్కడ అడగొచ్చు. నాన్న విషయంలో ఎవరిని అడగను? ఆయన జబ్బుకి టిక్ పెట్టేవాళ్లెవరూ లేరు కదా. ఆయన మాట తడబడుతుంది. నా పేరు పిలవబోయి ఇంకేదో అంటారు. సరిదిద్దాలా, విననట్టు ఊరుకోవాలా అన్నదే నాకు రోజూ తేలదు. రాత్రి పడుకున్నాక అదే తిరుగుతుంది.


మాటసాయం · గురువారం, ఉదయం 10:50

మీరే రెండుగా విడగొట్టారు. లాజరస్, ఫోక్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1984లో చెప్పింది దాదాపు ఇదే. కొన్ని చోట్ల సమస్యతో పని, కొన్ని చోట్ల సమస్య వల్ల మనలో రేగినదానితో పని. ఆఫీసు దగ్గర ఊపిరి వ్యాయామాలతో సరిపెట్టుకున్నా, నాన్నగారి దగ్గర పట్టికలు వేసుకుని పోరాడినా అలసట మీకే మిగులుతుంది. మాట తడబడటం గురించి స్పీచ్ థెరపిస్టుని అడగండి, సరిదిద్దాలా వద్దా అన్నదానికి వాళ్ల దగ్గర స్పష్టమైన జవాబులుంటాయి. ఆ ముక్క సమస్య వైపుకి వస్తుంది. మిగిలేది దుఃఖం. నాన్న ఎదురుగానే ఉన్నా, అలవాటైన నాన్న లేరు. దానికి పరిష్కారం వెతకడం మానేసి దాన్ని దుఃఖమనే పిలవొచ్చు.

రాయగలిగితే రాయండి. 1986లో మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్, బీల్ కలిసి విద్యార్థులతో వరసగా నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమని కలచివేసిన సంఘటన గురించి రాయించారు. జరిగిందీ, దాని గురించి తమకేమనిపించిందీ రెండూ రాసినవాళ్లు రాసిన వెంటనే ఇంకా దిగులుగా కనిపించారు. తర్వాతి నెలల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. ఆ తర్వాత జరిగిన ఎన్నో అధ్యయనాలు కలిపి చూస్తే ఫలితం ఉంది కానీ చిన్నదే. మహిమలేం జరగవు. రాసింది ఎవరికీ చూపించక్కర్లేదు, చింపేయొచ్చు. నాన్నగారికి జబ్బు చేసి ఏడు నెలలే అయింది కాబట్టి, రాస్తుంటే తట్టుకోలేననిపిస్తే అక్కడే ఆపేయండి.


లిస్టురాణి · గురువారం, మధ్యాహ్నం 2:15

రాత్రిపూట తిరుగుడు గురించి నాదొక ముక్క. పడుకోబోయే ముందు 5 నిమిషాలు మర్నాటి పనులు రాయండి. పొద్దున్నుంచీ చేసినవి కాదు, ఇంకా చెయ్యాల్సినవి. 2018లో ఒక నిద్ర ప్రయోగశాలలో 57 మందితో చేయించారు. చెయ్యాల్సినవి రాసినవాళ్లు, చేసేసినవి రాసినవాళ్లకన్నా సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. నేను "బ్యాంకు పని" అని రాయను, "పదిన్నరకి ఫోన్ చేసి సంతకం ఎక్కడ పెట్టాలో అడగాలి" అని రాస్తాను. అలా రాశాక అది కాగితం బాధ్యత.

కుదిరితే సాయంత్రం ఒక అరగంట దిగులుకే కేటాయించండి. టాం బోర్కోవెక్ 1983లో చెప్పిన పద్ధతి ఇది. పగలు దిగులొస్తే "నీ టైము ఆరున్నరకి" అని పంపెయ్యడం. వినడానికి పిచ్చిగా ఉంటుంది. నాకు మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ఆరున్నరకి కూర్చుంటే, పొద్దున అంత పెద్దగా అనిపించినవాటిలో సగం గుర్తే రావు.


మళ్లీమొదలు · గురువారం, రాత్రి 11:55

ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెబుతాను. నా పద్ధతి మందు. మొదట్లో శనివారాలు, తర్వాత 'ఈరోజు బాగా అలిసిపోయాను' అన్న రోజులు, ఆ తర్వాత అలిసిపోని రోజంటూ లేదు. నిద్ర పడుతుంది కదా అనుకునేవాణ్ణి. పడుతుంది, నిజమే. తెల్లవారుజామున మూడింటికి ఠక్కున మెలకువ వచ్చేది, గుండె దడదడ, నోరెండిపోయి. మందు నిద్రని ముందు జోకొట్టి, రెండో సగంలో ముక్కలు చేస్తుందని డాక్టరు చెప్పేదాకా ఆ మెలకువకీ, సాయంత్రం గ్లాసుకీ సంబంధం ఉందని తోచనే లేదు. మెలకువ వస్తోందని ఇంకో పెగ్గు పెంచాను కూడా!

మానేసి 14 నెలలు. ఒకటే చెప్పగలను. ఒత్తిడి ఆ గ్లాసు వల్ల ఎప్పుడూ తగ్గలేదు, మర్నాటికి వాయిదా పడింది, వడ్డీతో. రోజూ తాగే అలవాటున్నవాళ్లు ఎవరైనా ఇది చదివి రేపటి నుంచి ఒక్కసారిగా ఆపేయకండి. ఒళ్లు అలవాటు పడిపోయాక హఠాత్తుగా మానితే ప్రమాదం. డాక్టరుకి చెప్పి మానండి, నేనలాగే చేశాను.


నైట్‌డ్యూటీ · శుక్రవారం, తెల్లవారుజాము 3:20

మళ్లీమొదలు అన్నా, ఈ టైములో ఇది చదివి మా డ్యూటీ రూమంతా నిశ్శబ్దమైపోయింది. కాఫీ సంగతీ కలపండి. అందులోని కెఫీన్ ఒంట్లో సగానికి దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరింటి కాఫీ పదకొండింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. మా డ్యూటీ వాళ్లకి వేరే దారి లేదు. మీకు ఉంది.


నిర్వాహకులు · శుక్రవారం, ఉదయం 9:00

చర్చ బాగా సాగుతోంది. ఒక గమనిక మాత్రం. ఛాతీలో నొప్పి, కారణం తెలియకుండా బరువు తగ్గడం, ఎప్పుడూ గుండె దడ ఉంటే అది టెన్షనే అని మనంతట మనం తేల్చుకోకూడదు. థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం ఆందోళనలాగే ఉంటుంది, రక్తపరీక్షతో తెలిసిపోతుంది. వారాల తరబడి దేని మీదా ఆసక్తి లేకపోయినా, చచ్చిపోవాలనిపించినా ఇక్కడ రాసి జవాబు కోసం చూడకండి. వెంటనే పక్కనున్న మనిషికి చెప్పండి, డాక్టరుకో మీ ప్రాంతపు హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి.


కొండమీదకోతి · శుక్రవారం, మధ్యాహ్నం 12:40

అన్నిటికన్నా వారం రోజులు సెలవు పెట్టి ఎటైనా వెళ్లిరావడం మంచిది కాదా?


పాఠాలపంతులు · శుక్రవారం, మధ్యాహ్నం 1:30

వెళ్లగలిగితే తప్పకుండా. కానీ 1967లో హోమ్స్, రాహే తయారుచేసిన ఒత్తిడి పట్టికలో సెలవు మీద వెళ్లడానికి కూడా 13 పాయింట్లు వేశారు. పెళ్లికి 50, జీవిత భాగస్వామి మరణానికి 100. మంచో చెడో, ఏ మార్పయినా ఒంటికి కొంత పనే అని వాళ్ల లెక్క. ఆ లెక్కకి నా అనుభవం చేరుస్తాను. తిరిగొచ్చిన రోజు ఇన్‌బాక్స్ తెరిస్తే 13 తక్కువనిపిస్తుంది.


సందెగాలి · ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:30

ఏమైందో చెప్పకుండా పోతే బాగుండదని వచ్చాను.

కాగితం పట్టుకుని మా మేనేజర్ దగ్గరికి వెళ్లాను. వెళ్లే ముందు బాత్రూంలో ఆ రెండు గుక్కల ఊపిరి, సరిగ్గా ఆరుసార్లు. నా జాబితాలో 14 తేలాయి. ఆయన రెండింటికి టిక్ పెట్టారు, మూడోదానికి "చూద్దాం" అన్నారు. ఆ చూద్దాం ఇంకా చూద్దాంలోనే ఉంది. కొత్త మనిషిని తీసుకోవడం ఇప్పట్లో కాదట. కాబట్టి గెలిచానని చెప్పను. అయినా శుక్రవారాలు ఏడింటికి బదులు ఆరింటికి బయటపడుతున్నాను.

దిగులు అరగంట నాకు కుదర్లేదు. ఆ టైముకే నాన్నకి ఏదో ఒకటి కావాలి. పడుకునే ముందు లిస్టు మాత్రం పట్టుకుంది. కాఫీ నాలుగింటితో ఆపేశాను, మొదటి మూడు రోజులు తలనొప్పితో చచ్చాను.

రాయడం మూడు రోజులే చేశాను. మొదటి రెండు రోజులూ కోపమే రాశాను, చెల్లెలి మీద, డాక్టర్ల మీద, నాన్న మీద కూడా. బీపీ మాత్రలు వేసుకోమంటే వినేవారు కాదు. మూడోరోజు "నాన్న నాకు సైకిల్ నేర్పినప్పుడు వెనకాల పట్టుకునే ఉన్నానని అబద్ధం చెప్పారు" అని ఒక్క వాక్యం రాసి ఆగిపోయాను. నాలుగోరోజు పుస్తకం తెరవలేదు. మాటసాయం గారు ఆపొచ్చన్నారు కాబట్టి ఆపాను. మర్నాడు చెల్లెలికి ఫోన్ చేసి నెలలో రెండు ఆదివారాలు వచ్చి ఉండమని అడిగాను. ఏడు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తెలిసింది. అడక్కుండానే రావాలని చూశానన్నమాట. ఇవాళ తనే ఉంది. అందుకే పగలు రాయగలుగుతున్నాను.

పేరు తప్పు పలికితే సరిదిద్దొద్దని, మాట వెతుక్కోవడానికి టైమివ్వమని థెరపిస్టు చెప్పారు. ఇప్పుడు ఆయన నన్ను ఏ పేరుతో పిలిచినా పలుకుతున్నాను.

మా వాడిని కసరడం తగ్గింది, పోలేదు. మొన్న అరిచాక వెళ్లి సారీ చెప్పాను. "సరేలే, నీ దవడ చూసుకో" అన్నాడు. కంప్యూటర్ మీద స్టిక్కర్ ఎందుకో వాడికి చెప్పి ఉన్నాను లెండి.

డాక్టరు నైట్ గార్డు ఇచ్చారు, రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు. దాని మీద గాట్లు పడుతున్నాయి కానీ మొదటి వారం అంత లోతుగా లేవన్నారు.


వాగుడుకాయ · ఆదివారం, సాయంత్రం 5:05

హమ్మయ్య, వచ్చారు. మా ఫ్రెండ్‌తో పావుగంట ఒప్పందం నడుస్తోంది. తనకి ఉద్యోగం మారే ఆలోచన ఉందని, మూడు నెలలుగా చెప్పడానికి సందు దొరకలేదని మొన్నే తెలిసింది.

మా డాక్టరు నాకూ నైట్ గార్డు అంటున్నారు. అది పెట్టుకుంటే నిద్ర పడుతుందా?


సందెగాలి · ఆదివారం, సాయంత్రం 5:20

మొదటి నాలుగు రోజులు నోట్లో వేరేవాళ్ల పన్ను ఉన్నట్టు ఉంటుంది, దిండు తడుస్తుంది. తర్వాత అలవాటైపోతుంది. వేడినీళ్లతో మాత్రం కడగకండి, వంకరపోతుందట. నేను కడిగేదాన్నే, చెల్లెలు ఆపింది.